పదిహేను దినాల వంతు

నాకు ముక్కు మీదే కోపం. మా ఇంట్లో వాళ్ళు, ఆళ్లగడ్డ బస్సు కండక్టర్లు, ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు, అందరూ ఒప్పుకునే సంగతి ఇదొక్కటే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఈ కోపం వల్ల నాకు మంచి జరిగిన సందర్భాలు తక్కువ. వాటిలో ఒకటి రాద్దామని కూర్చున్నాను గానీ, తీరా తలుచుకుంటే అందులో కూడా మంచి చేసింది నా కోపం కాదు, ఇంకొకరి నిదానం.

నంద్యాల ఊరి బయట ఒక విత్తనాల ఫ్యాక్టరీలో మస్టర్ రాసే పని నాది. మస్టర్ అంటే హాజరు పుస్తకం. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఒక పూట ఉండి వెళ్ళిపోయారు, అన్నీ అందులో ఎక్కాలి. రైతుల దగ్గర నుంచి వచ్చిన మొక్కజొన్న, జొన్న విత్తనాలను మా ఫ్యాక్టరీలో జల్లెడ పట్టి, పుచ్చినవీ పగిలినవీ ఏరేసి, పురుగు పట్టకుండా మందు కలిపి, ప్యాకెట్లకెత్తుతారు. ఏరే బల్ల దగ్గరా ప్యాకింగ్ దగ్గరా కలిపి ఇరవై నలుగురు ఆడవాళ్ళు. గడివేముల నుంచి కొందరు, పాములపాడు నుంచి కొందరు, మిగిలిన వాళ్ళు నంద్యాల పేటల వాళ్ళు. ఆళ్లగడ్డ నుంచి వచ్చేది ఇద్దరమే, నేనూ పెద్దక్కా.

అందరిలోకీ వయసులో పెద్దది కాబట్టి పెద్దక్క అయింది. పుట్టింది చాగలమర్రిలో, కాపురానికి వచ్చింది ఆళ్లగడ్డకు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కూతుర్ని చాగలమర్రిలోనే ఇచ్చింది. కూతురూ అల్లుడూ మంచోళ్ళే, రమ్మని పిలుస్తూనే ఉంటారు. వాళ్ళింటికి పండగకు పోతుంది, నాలుగు రోజులుండి వచ్చేస్తుంది. నా కాఫీ నా దుడ్లతో తాగాల అనేది ఆమె పంతం. ఆదివారం చర్చిలో పాడిన పాటను బుధవారం దాకా బస్సులో కూనిరాగం తీస్తూనే ఉండేది. నేను విసుక్కునేదాన్ని, ఆమె గొంతు ఇంకొంచెం తగ్గించి పాడేది. అంతే గానీ మానేది కాదు.

ఆ ఏడాది మాంద్యం అనే మాట టీవీలోంచి దిగి మా బస్సెక్కింది. మొదట్లో ఎవరికీ దాని సంగతి పట్టలేదు. హైదరాబాదులో, బెంగుళూరులో పెద్ద పెద్ద కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయని విన్నప్పుడు, పాపం అనుకున్నాం. తర్వాత నంద్యాలలోనే ఒక మిల్లు రెండో షిఫ్టు ఆపేసింది. దారిలో బండల పాలిష్ మిషన్లు కొన్ని మూతపడ్డాయి. అప్పటి నుంచీ బస్సులో వేరే మాటే లేకుండా పోయింది. ముందు సీట్లో కూర్చున్న వాళ్ళు ఇదంతా ఇప్పుడున్న ప్రభుత్వం నిర్వాకం అనేవాళ్ళు. వెనక సీటు వాళ్ళు కాదు, పోయిన ప్రభుత్వం చేసిపోయిన కంపు అనేవాళ్ళు. మధ్యలో ఒకాయన రోజూ లేచి ఢిల్లీని తిట్టి శిరివెళ్ళలో దిగిపోయేవాడు. వాళ్ళల్లో ఎవరికీ ఎవరి మీదా నిజంగా కోపం లేదని, అందరికీ ఉన్నది భయమని, నాకు చాలా రోజుల తర్వాత గానీ అర్థం కాలేదు. తిట్టడానికి ఒకడు దొరికితే భయం కాసేపు మరుగున పడుతుంది.

మా ఆయన ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డులో పాలిష్ పని చేస్తాడు. దేవుడి విగ్రహాల ఆర్డర్లు ఆ ఏడాది సగానికి పడిపోయాయి. నాయకుల విగ్రహాలకు మాత్రం గిరాకీ తగ్గలేదు. రెండు పార్టీల వాళ్ళ విగ్రహాలూ ఒకే షెడ్డులో పక్కపక్కనే నిలబడి ఉండేవి. ఇద్దరికీ ముక్కులు రుద్ది నున్నగా చేసేది మా ఆయనే. ఊళ్ళో కొట్టుకునేవాళ్ళు ఒకసారి వచ్చి వీళ్ళెంత బుద్ధిగా ఉన్నారో చూస్తే బాగుండునని అంటూ నవ్వేవాడు. మా ఇంట్లో ఆ మాత్రం నవ్వు ఎప్పుడూ ఉండేది. పిల్ల డిగ్రీ చదువుతోంది, ఇల్లు సొంతం, ఇద్దరికీ పని ఉంది. అంతకన్నా ఏం కావాలని నేను అడగను.

ఒక సోమవారం మేనేజరు నన్ను లోపలికి పిలిచాడు. మంచివాడే, కాకపోతే భయస్థుడు. ఆర్డర్లు సగమయ్యాయని, హైదరాబాదు ఆఫీసు నుంచి మాట వచ్చిందని, ఇరవై నలుగురిలో పన్నెండు మందిని తీసెయ్యాలని చెప్పాడు. ఆ పన్నెండు పేర్లు నేనే రాసి శనివారానికి ఇవ్వాలట. ఎందుకు నేనే అంటే, మస్టర్ నా దగ్గర ఉంది, ఎవరు ఎక్కువ సెలవులు పెట్టారో చూసి పైనుంచి పన్నెండు పేర్లు తీస్తే ఎవరూ వేలెత్తి చూపరు. నేను ఆయన మీద అరిచాను. ఆయన నేను అరవడం అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, శనివారం అని ఇంకోసారి చెప్పాడు.

మస్టర్ ఇంటికి తీసుకుపోయి లెక్క వేశాను. సెలవుల ప్రకారం మొదటి పేరు పెద్దక్కదే వచ్చింది. పోయిన ఏడాది ఆమె కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని నెల పైన రాలేదు. అది తప్ప ఆమె ఏనాడూ పని ఎగ్గొట్టింది లేదు. కానీ మస్టర్‌లో ఆపరేషన్ అని ఉండదు, గైరుహాజరు అనే ఉంటుంది.

పెద్దక్క విషయంలో ఇంకొకటి నాకు తెలుసు. ఆమె పేరు మొదటిసారి కంపెనీ రోల్లో, అంటే పీఎఫ్ కట్టేవాళ్ళ పట్టీలో, రాసింది నా చేత్తోనే కాబట్టి తెలుసు. పదేళ్ళు పేరు రోల్లో ఉంటే పింఛను వస్తుంది. ఆమెకు ఇంకో ఏడు నెలలు తక్కువ. ఆ ఏడు నెలలూ నిండే నెలలోనే ఆమెకు యాభై ఎనిమిది కూడా నిండుతాయి. ఇప్పుడు తీసేస్తే ఆ వయసు మనిషిని ఇంకెవరూ రోల్లో పెట్టుకోరు. తొమ్మిదేళ్ళ పైచిలుకు పని చేసిన దానికి పింఛను అనే మాటే ఉండదు. ఆమె కూతురింటికి పోయి కూర్చోవాలి. అది ఆమెకు చావుతో సమానం అనను, ఆమె అంత పెద్ద మాటలు మాట్లాడే మనిషి కాదు. కానీ ఆమె కాఫీ ఆమె దుడ్లతో తాగదు.

ఆమె పేరు తీసేసి ఇంకొకరి పేరు పెడదామని చూశాను. రెండో ఆమెకు ఇద్దరు పసిపిల్లలు. మూడో ఆమె మొగుడు ఆగిపోయిన మిల్లు షిఫ్టులో పనిచేసినవాడు. ఎవరిని చూసినా ఒక కథ ఉంది. పెన్ను అక్కడ పెట్టి, మా ఆయన మీద, పిల్ల మీద, కూరలో ఉప్పు మీద కేకలు వేసి పడుకున్నాను.

మరుసటి రోజు పొద్దున బస్సులో పెద్దక్క కిటికీ పక్క సీటు నాకు పట్టి పెట్టింది. నేను ఏమీ మాట్లాడకపోవడం చూసి ఆమెకు ఏదో ఉందని అర్థమైంది. నేను కోపంగా ఉంటే మాట్లాడతాను, భయంగా ఉంటే మాట్లాడను, ఆ తేడా ఆమెకు బాగా తెలుసు. ఏమైందని ఆమె అడగలేదు. నేనే ఉండబట్టలేక చెప్పేశాను. మొదటి పేరు ఎవరిదో కూడా చెప్పేశాను. అట్లా చెప్పకూడదని తెలుసు.

ఆమె బయటికి చూసింది. ఆ పక్కన కాలవ కింద పొలాలు, అప్పుడే కోతలైపోయి ఉన్నాయి.

"కాలవలో నీళ్ళు తక్కువైతే ఏం చేస్తాం?" అంది. "ఒకరి చేను ఎండబెట్టి ఒకరిది తడుపుకుంటామా? వంతు పెట్టుకుంటాం. ఇదీ అంతే. పదైదు దినాలు పన్నెండు మంది, పదైదు దినాలు పన్నెండు మంది. అందరి పేర్లూ ఆడనే ఉంటాయి గదా."

ఇంత చిన్న విషయం నాకెందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు. పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళకు పేర్లు కొట్టెయ్యడమే తోస్తుంది కాబోలు. ఆ సాయంత్రం ఏరే బల్ల దగ్గర అందర్నీ కూర్చోబెట్టి పెద్దక్కే చెప్పింది. కాసేపు గొడవైంది. ఎప్పుడూ సెలవు పెట్టని నలుగురైదుగురు మాకెందుకు సగం పని అన్నారు. వాళ్ళన్నది న్యాయమే. పెద్దక్క వాళ్ళతో వాదం పెట్టుకోలేదు. రేపు ఇంకో లిస్టు వస్తే అప్పుడు మీరు ఏ వరసలో ఉంటారో చూసుకోండి అని మాత్రం అంది. మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ సరే అన్నారు.

ఆ మాట పోయి చెబితే మేనేజరు ముఖం మొదటిసారి వెలిగింది. పని దినాలు మొత్తం మీద సగమైతే చాలు, పేర్లు ఎన్ని ఉన్నాయో హైదరాబాదులో ఎవరూ చూడరు అన్నాడు. అయితే నోటితో చెప్పను, కాగితం మీద పెట్టను, మీరు మీరు చూసుకోండి, బయట ఎక్కడా అనొద్దు అన్నాడు. ఒకటో తేదీ నుంచి పదిహేను దాకా పెద్దక్క జట్టు, పదహారు నుంచి నెలాఖరు దాకా రెండో జట్టు. నేను మస్టర్‌ను రెండు రంగుల గీతలతో విడగొట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను. జనం ఉద్యోగాలు పోతున్నాయని గుండెలు బాదుకుంటుంటే మా ఫ్యాక్టరీలో ఒక్కరిదీ పోలేదని బస్సులో గొప్పగా చెప్పాలనిపించేది. మేనేజరు వద్దన్నాడు కాబట్టి పళ్ళ బిగువున ఊరుకున్నాను.

ఊరుకోవడం నా ఒక్కదాని చేతిలో ఉందా? రెండో నెల పదహారు తర్వాత నంద్యాలలో ప్రతిపక్షం వాళ్ళు పెద్ద షామియానా వేసి ధర్నా పెట్టారు. ఉపాధి పోయిన మహిళలందరూ రావాలని ఆటోలో మైకు పెట్టి తిరిగారు. పెద్దక్క జట్టుకు అది ఖాళీ వంతు. ఏమీ తోచక పన్నెండు మందీ పోయారు. ఆడవాళ్ళకు బస్సు ఎటూ ఉచితమే, అక్కడ మజ్జిగ కూడా ఇస్తారని ఎవరో అన్నారు. నాయకుడు మైకులో, పని పోయినోళ్ళు చేతులెత్తండమ్మా అని అడిగాడు. మావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పొద్దు వాళ్ళకు పని లేదు. అబద్ధం చెప్పడానికి ఏముంది? పన్నెండు మందీ చేతులెత్తారు.

మర్నాడు పేపర్లో రంగుల ఫోటో వచ్చింది. పైకెత్తిన పన్నెండు చేతులు, మధ్యలో పెద్దక్క. కింద పెద్ద అక్షరాలతో వాళ్ళ గోడు, ప్రభుత్వానికి శాపనార్థాలు. మావాళ్ళు ఏ శాపనార్థాలూ పెట్టలేదు, మజ్జిగ తాగి వచ్చారు. నేను ఆ పేపరు చూసి నవ్వాను. నవ్వు సాయంత్రం దాకా కూడా ఉండలేదు. విత్తనానికి కలిపే మందు గులాబీ రంగులో ఉంటుంది. పల్చటి గ్లౌజుల్లోంచి ఇంకి అరచేతులకు పట్టుకుంటుంది, ఎంత రుద్దినా పది రోజులకు గానీ పోదు. ఫోటోలో పన్నెండు అరచేతులూ గులాబీ రంగులో మెరుస్తున్నాయి. అధికార పార్టీ వాళ్ళు ఆ చేతుల చుట్టూ ఎర్ర గీతలు గీసి అందరి ఫోన్లకూ పంపారు. పని లేని చేతులకు విత్తనాల మందు ఎట్లా అంటిందో చెప్పాలని కింద ప్రశ్న.

తర్వాత నెల మొదటి వారంలో అధికార పార్టీ నాయకుడు పదిమందిని, నాలుగు కెమెరాలను వెంటబెట్టుకుని మా ఫ్యాక్టరీకే వచ్చాడు. అది పెద్దక్క జట్టు పని వంతు. ఫోటోలో ఉన్న పన్నెండు మందీ బల్లల దగ్గర వరసగా కూర్చుని ఉన్నారు.  నాయకుడు నేరుగా పెద్దక్క దగ్గరికి పోయి, అమ్మా నీకు పని ఉందా లేదా అని అడిగాడు.

"ఉందప్పా," అంది పెద్దక్క.

"మరి మొన్న లేదని చెయ్యెత్తినావే?"

"మొన్న లేదు."

కెమెరాల వాళ్ళు మొదటి మాట ఉంచుకుని రెండో మాట కోసేశారు. ఆ సాయంత్రానికి ఊరంతా రెండు వీడియోలు తిరిగాయి. ఒకదానిలో పని లేదని చెయ్యెత్తుతున్న పెద్దక్క, ఒకదానిలో పని ఉందంటున్న పెద్దక్క. ఒక పార్టీ వాళ్ళు ఆమెను డబ్బులకు అమ్ముడుపోయిన మనిషి అన్నారు. ఇంకో పార్టీ వాళ్ళు మేనేజరు బెదిరించి పనిలో కూర్చోబెట్టాడన్నారు. బస్సులో ముందు సీటూ వెనక సీటూ కూడా ఆమెను అదోలా చూడడం మొదలుపెట్టాయి. ఒక రోజు ఒకతను పెద్దక్కను ఈపొద్దు పని ఉందా లేదా అని ఎగతాళి చేస్తే నేను లేచి అతని ఏడు తరాలనూ కడిగేశాను. పెద్దక్క నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె బస్సులో పాడలేదు. నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది అదే. ఆమె ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, రెండు నిజాలు చెప్పింది.

వీడియోలు హైదరాబాదుకూ చేరాయి. వారం తిరక్కుండా అక్కడి పెద్ద సారు కారులో దిగాడు. ఇరవై నలుగురినీ ఆ రోజు రమ్మని కబురు పెట్టించాడు. గేటు దగ్గర రెండు పార్టీల వాళ్ళూ అప్పటికే మైకులతో కాచుకుని ఉన్నారు. ఎంతమందిని తీసేశారని ఒకరు, ఎంతమందిని తీసేస్తారని ఇంకొకరు అడిగారు. ఎండ మండిపోతోంది, ఆయనకు లోపలికి పోతే చాలు. ఒక్కరినీ తీసెయ్యలేదు, తీసెయ్యం అనేసి అద్దం ఎక్కించుకున్నాడు.

లోపలికి వచ్చి కూర్చోగానే మొదటి మాట, ఆ లిస్టు ఏది అని. ఇట్లా వంతులు వేసుకుంటే ఫ్యాక్టరీ నడపలేమని, పని సగమైనా ఆఫీసు ఖర్చు అట్లాగే ఉందని, పన్నెండు మంది కాకపోయినా కొందరినైనా తగ్గించక తప్పదని చెప్పాడు. మేనేజరు నా వైపు చూశాడు. నేను రాసిన కాగితం నా సొరుగులోనే ఉంది. దాని మీద మొదటి పేరు పెద్దక్కదే. రేకుల షెడ్డు కింద ఇరవై నలుగురూ నిలబడి వింటున్నారు. పెద్దక్క నా వైపు చూడకుండా నేల చూస్తోంది. ఆమెకు పదేళ్ళు నిండడానికి ఇంకా అయిదు నెలలు మిగిలున్నాయి.

నాకు కోపం వచ్చింది. ఆ సారు ఎంత పెద్దవాడో కూడా చూడకుండా దులిపేశాను. వీళ్ళు తినే ముద్దను సగం చేసి పంచుకున్నారు సార్, ఒకరి కోసం ఒకరు సగం కడుపుతో ఉన్నారు, అంతటి మనుషుల్లో ఎవరిని తీసెయ్యమంటారు, మేమంతా పంచుకున్నాం, కష్టం అందరిదీ, మీకు పేర్లు కావాల్సి వస్తే ఇరవై నాలుగూ రాసుకోండి అన్నాను. ఇంకా అనేదాన్నే. బాగా మాట్లాడుతున్నానని నాకే అనిపిస్తోంది.

రెండో జట్టులో పదో తరగతి చదివిన ఒక గడివేముల అమ్మాయి ఉంది. నెమ్మదైన పిల్ల. ఎగతాళిగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"మేమంతా పంచుకున్నాం అంటాండావ్ కదక్కా. నీ వంతు యాడుంది?"

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, వాళ్ళ మీద అరిచి బయటపడేదాన్ని. నేను నెల జీతం మీద ఉన్నదాన్ని. రెండు జట్లు వచ్చినా ఒక జట్టు వచ్చినా మస్టర్ రాయాల్సిందే, నా జీతం నాకు వస్తూనే ఉంది. ఈ వంతు నాకు వర్తించదని ఎవరూ నాకు చెప్పలేదు, నేనే అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, ఆ ఆలోచనే నాకు రాలేదు. మూడు నెలలుగా రెండు రంగుల గీతలు గీసి, వాళ్ళ త్యాగాన్ని నాదన్నట్టు చెప్పుకుంటూ తిరుగుతున్నాను. చెవులు వేడెక్కాయి. సిగ్గు ఇంత వేడిగా ఉంటుందని అంతకు ముందు నాకు తెలియదు.

పెద్దక్క తల ఎత్తి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆమెకు మా ఇంటి సంగతి తెలుసు. మా ఆయన ఆర్డర్లు తగ్గిన సంగతీ తెలుసు.

"పదహారో తేదీ నుంచి నాది ఖాళీ వంతు," అన్నాను. "సగం నెల నేను, సగం నెల ఈ పిల్ల రాస్తుంది. నాకు సగం జీతం చాలు."

సారు ఫోన్ తీసి ఏదో చూసుకున్నాడు. నా సగం జీతంతో వాళ్ళ కంపెనీ గట్టెక్కిపోతుందని ఆయన అనుకోలేదు, నేనూ అనుకోలేదు. అప్పుడు మా భయస్థుడు మేనేజరు జీవితంలో మొదటిసారి ఒక మంచి మాట అన్నాడు. గేటు దగ్గర తమరు ఒక్కరినీ తీసెయ్యం అని చెప్పారు సార్, అది రెండు పార్టీల వాళ్ళ దగ్గరా వీడియోలో ఉంది అన్నాడు. సారు గేటు వైపు చూశాడు. ఎవరిని తీసేసినా, రేపు ఆ రెండు మైకుల్లో ఒకటి ఆయన కంపెనీ పేరెత్తి తిడుతుంది. రెండూ ఎత్తినా ఎత్తవచ్చు. ఈ ఏడాదికి ఇట్లాగే నడపండి, వచ్చే సీజన్‌కు చూద్దాం అని లేచాడు. అన్నాళ్ళూ మమ్మల్ని నవ్వులపాలు చేసిన ఆ రాజకీయం, ఆ ఒక్క మధ్యాహ్నం మాకు పనికొచ్చింది.

ఆ సాయంత్రం బస్సులో పెద్దక్క పక్కనే కూర్చున్నాను. ఆమె ఏదో ఒకటి అంటుందని ఎదురుచూస్తున్నాను. ఎందుకు ఒప్పుకున్నావని తిడుతుందేమో, మంచి పని చేశావని మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"ఇన్నేండ్లూ మా పేర్లు రాస్తాండావ్," అంది శిరివెళ్ళ దాటాక. "ఈపొద్దు మాతో పనిచేస్తాండావ్."

అంతే. మా ఊరు వచ్చేదాకా కూనిరాగం తీసింది. నేను విసుక్కోలేదు.

మొదటి ఖాళీ వంతు నాకు చేత కాలేదు. పొద్దున ఏడుకు అలవాటుగా చెప్పులేసుకుని బయటికి వచ్చి, గుర్తొచ్చి, మళ్ళీ లోపలికి పోయాను. మా పిల్ల పగలబడి నవ్వింది. రెండో నెలకు కుదుటపడ్డాను. మధ్యాహ్నం మా ఆయనకు అన్నం క్యారియర్ పట్టుకుని శిల్పాల షెడ్డుకు పోయేదాన్ని. ఆ రాతి దుమ్ములో కూర్చుని ఇద్దరం కలిసి తినేవాళ్ళం. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు, పని రోజు మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినడం అదే మొదలు. ఇంట్లో కొన్ని ఖర్చులు తగ్గించాం, కొన్ని తగ్గలేదు, గొణుక్కున్నాం. అయినా ఆ నెలలు తలుచుకుంటే నాకు కడుపు నిండుగా ఉన్నట్టే ఉంటుంది. కష్టాన్ని గొప్ప చేసి చెబుతున్నానేమోనని మా ఆయన్ని అడిగాను. నీ కోపం కొంచెం తగ్గిన నెలలు అవి, నాకు బాగానే గుర్తున్నాయి అన్నాడు.

ఆర్డర్లు పూర్తిగా తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. వచ్చినప్పుడు, ఉపాధి నిలబెట్టింది మేమేనని అధికార పార్టీ ఒక ఫ్లెక్సీ కట్టింది. మేము పోరాడితేనే నిలబడిందని ప్రతిపక్షం దాని పక్కనే ఇంకోటి కట్టింది. రెండింటినీ బస్సులోంచి చదివాను. రెంటిలోనూ ఆడవాళ్ళ ఫోటో ఉంది, ఏ ఊరి ఆడవాళ్ళో మాకు తెలియదు.

అది తర్వాతి మాట. పెద్దక్కకు పదేళ్ళూ, యాభై ఎనిమిదీ ఒకేసారి నిండిన నెల అంతకు చాలా ముందే వచ్చింది. చివరి పని దినం నెలాఖరున పడింది. అది రెండో జట్టు వంతు, అంటే పెద్దక్కా నేనూ ఇద్దరం ఇంట్లో ఉండాల్సిన రోజు. పింఛను కాగితాలు అప్పటికే పీఎఫ్ ఆఫీసుకు పోయాయి, ఆమె రావాల్సిన అవసరం ఏమీ లేదు. పొద్దున బస్సు స్టాండుకు పోయి చూస్తే, ఉతికిన చీర కట్టుకుని, కిటికీ పక్క సీటు నాకు పట్టి పెట్టి బస్సులో కూర్చుని ఉంది. నేను వస్తానని ఆమెకు ఎవరు చెప్పారో నేను అడగలేదు.

ఫ్యాక్టరీలో ఆమె నేరుగా ఏరే బల్ల దగ్గరికి పోయి కూర్చుంది. నాకు కూర్చోవడానికి మస్టర్ కుర్చీ లేదు, అక్కడ గడివేముల పిల్ల ఉంది. అందుకని పెద్దక్క పక్కన కూర్చున్నాను. అన్నేళ్ళుగా ఆ బల్ల పక్కనుంచి నడిచాను గానీ ఒక్క గింజ ఏరింది లేదు. నా కళ్ళకు అన్నీ మంచి గింజల్లాగే కనబడ్డాయి. నేను వదిలేసిన పుచ్చులన్నీ పెద్దక్క వెనకనుంచి ఏరుతూ, కండ్లు యాడబెట్టుకున్నావ్ అని తిడుతూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆ రోజు పండగే. నా మీద ఎవరైనా అరవడం వాళ్ళు చూడడం అదే మొదలు. నాకూ నవ్వాగలేదు.

సాయంత్రం గడివేముల పిల్ల పుస్తకం పట్టుకుని మా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మీ ఇద్దరికీ ఏం రాయాలక్కా?" అంది. "ఈ వంతులో మీ పేర్లు లేవు గదా."

ఆ పుస్తకంలో ఏది రాయొచ్చో ఏది రాయకూడదో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ ఫ్యాక్టరీలో లేరు. వంతు కాని రోజు గైరుహాజరే. నేను పెద్దక్క వైపు చూశాను. పెద్దక్క గింజల మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"వచ్చినారని రాయి," అంది.